నూటపది కరెంటు

ఆత్మకూర్ బస్టాండు వెనక సందులో, సైకిల్ పంక్చర్లు వేసే కొట్టుకూ పిండిగిర్నీకీ మధ్య హసీనా అంగడి ఉండేది. పేరు రాసిన బోర్డేదీ లేదు. గుమ్మానికి సగం దాకా పచ్చటి తెర, తెర వెనక ఒక బల్ల, బల్ల మీద రాగి తీగ చుట్టే చేతిమిషను. రేడియో పలకకపోయినా, మిక్సీ తిరగకపోయినా, బావి మోటరు కాలిపోయినా జనం ఆ తెర దగ్గరికే వచ్చి "అక్కా" అని పిలిచేవారు. హసీనా బడికి పోలేదు. చదవడం రాదు, అంకెలు మాత్రం వచ్చు. ఏ సామాను చేతికిచ్చినా ముందు దాన్ని బోర్లించి, అడుగున రాసిన అంకెలు వెతికేది. అవి దొరికేదాకా తీగ ముట్టేది కాదు.

ఈ అలవాటు వెనక ఒక కాలిన టేపురికార్డరు ఉంది.

పెళ్లయిన పదకొండు నెలలకు, 1982లో, ఆమె భర్త జాఫర్ మేస్త్రీ పనికి సౌదీ వెళ్లాడు. ఇంట్లో హసీనా, అత్త లాడ్లీ బేగం మిగిలారు. అత్తకు కళ్లు మసక, ఎదురుగా నిలబడ్డ మనిషి కూడా నీడలా కనిపించేది. కోడలు బీడీలు చుట్టేది. జాఫర్ ఉత్తరం రాస్తే మసీదు పక్కనున్న బడిపంతులు దగ్గరికి తీసుకుపోయి చదివించుకోవాలి. మొగుడు తన కోసం రాసిన నాలుగు మాటలు పరాయి మగవాడి నోట వినలేక హసీనా తల దించుకునేది. పంతులుకూ ఇబ్బందే. ఆ వాక్యాలు వచ్చినప్పుడు ఆయన గొంతు తగ్గించి గబగబా చదివేసేవాడు.

ఈ సంగతి ఎట్లా తెలిసిందో గానీ, మరుసటి ఏడాది జాఫర్ ఊరికి వస్తున్న ఒక మనిషితో టేపురికార్డరు పంపాడు. అందులో ఒక క్యాసెట్టు. ఉత్తరానికి బదులు గొంతే వచ్చింది.

ఇంటి చుట్టుపక్కల వాళ్లంతా చూడ్డానికి వచ్చారు. తీరా చూస్తే దాని ప్లగ్గుకు రెండు చదును రేకులున్నాయి. మన గోడ మీద ఉన్నవి గుండ్రటి రంధ్రాలు. పక్కింటి మెహమూద్ లారీ మీద పనిచేసేవాడు, తనకు అన్నీ తెలుసన్నాడు. ప్లగ్గు కోసి పారేసి, తీగల తోలు పళ్లతో ఒలిచి, ఒట్టి తీగలను రంధ్రాల్లో దోపి, ఊడిపోకుండా రెండు అగ్గిపుల్లలు కుక్కాడు. మీట నొక్కాడు.

"అమ్మీ, సలా..." అని జాఫర్ గొంతు వచ్చింది. వెంటనే చిన్నపిల్ల కీచుమన్నట్టు సన్నబడి, పరుగెత్తి, ఆగిపోయింది. పెట్టె వెనక నుంచి పొగ లేచింది. లాడ్లీ బేగంకు పొగ కనిపించలేదు. ఆమె ఇంకా చెవి ముందుకు పెట్టుకొనే కూర్చుంది.

"ఏమైంది బేటీ? వాడు ఆగిపోయిండేంది?" అని అడిగింది.

మర్నాడు హసీనా ఆ పెట్టెను గుడ్డలో కట్టుకొని రేడియో మెకానిక్ బాలస్వామి అంగడికి వెళ్లింది. ఆయనకు అప్పటికే అరవై దాటాయి. పెట్టెను తిప్పి, వెనక ఒక మూల గోరుతో చూపించాడు. అక్కడ గోరంత గుండీ ఉంది.

"గిటు చూడు బిడ్డా. గీ గుండీ పక్కన ఏమున్నది?"

"అంకెలు."

"ఏమంకెలు?"

"ఒకటి, ఒకటి, సున్న. గటు దిక్కు రెండు, రెండు, సున్న."

"వాళ్ల జాగాల కరెంటు నూటపది, నూట ఇరవై, గంతే. మన తాన దానికి రెండింతలు. గుండీ గటు దిక్కు జరిపి పెడితే మంచిగ నడుస్తుండె. ఎవ్వరూ చూడలే."

హసీనా ఆ గుండీని వేలితో జరిపి చూసింది. ఏ బలమూ అక్కర్లేకుండా జరిగింది. అప్పటిదాకా బిగబట్టుకున్న ఏడుపు అప్పుడు వచ్చింది.

"ఏడువకు. లోపల కాయిల్ కాలింది, మళ్ల చుడుత. పది దినాలు పడ్తది," అన్నాడు బాలస్వామి. బల్ల మీది తన టేపును చూపించి, "క్యాసెట్టు కాలలే గద. గాడ నా టేపుల పెట్టుకొని ఇను. నేను చాయ తాగొస్త," అని అంగడి తలుపు దగ్గరగా వేసి బయటికి పోయాడు.

ఆయన రెండు చాయలు తాగేంతసేపు హోటల్లోనే కూర్చున్నాడు. హసీనా నుదురు టేపుకు ఆనించి విన్నది. ఒక గదిలో ఎనిమిది మంది ఉంటామన్నాడు జాఫర్. ఎండ గురించి చెప్పాడు, రొట్టె గురించి చెప్పాడు, విసుర్రాయి తిప్పుతూ అమ్మ పాడే చక్కీ పాటలు గుర్తొస్తున్నాయన్నాడు. చివర గదిలో వాళ్లు వినకుండా గొంతు తగ్గించి హసీనాతో ఒక మాట అన్నాడు. ఆ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఆ పది రోజుల్లో ఆమె నాలుగుసార్లు అంగడికి పోయింది. బాలస్వామికి చూపు తగ్గుతోంది, వెంట్రుకంత తీగ చేతిలో తెగిపోతోంది. బీడీలు చుట్టిన హసీనా వేళ్లకు అది సులువుగా లొంగింది. ఆయన ఒకరోజు ఇంటికి వచ్చి, గడప బయటే నిలబడి లాడ్లీ బేగంను అడిగాడు.

"అమ్మా, నీ కోడలుకు పని నేర్పిస్త. తెర కట్టిస్త. నా బిడ్డ లెక్క చూసుకుంట."

"తెర ఉంటే పంపిస్త," అన్నది ముసలామె.

ఆ రోజుల్లో ఊళ్లోకి సౌదీ సామాను బాగా దిగుతోంది. ఇస్త్రీపెట్టెలు, మిక్సీలు, ఫ్యాన్లు. వాటిలో సగం నూటపదివే, గుండీ లేనివే. వాటి కోసం బాలస్వామి, హసీనా కరెంటు తగ్గించే పెట్టెలు తయారుచేశారు. ఆ పెట్టె ముఖం మీద చదును రంధ్రాల సాకెట్టు బిగించి ఎర్ర రంగు వేసేవారు. "ప్లగ్గు పట్టింది గదా అని పెట్టేటోళ్లే ఎక్కువ. పిన్ను పట్టుడు వేరే, కరెంటు పట్టుడు వేరే," అనేవాడు బాలస్వామి. హసీనా మిషను పిడి తిప్పుతూ చుట్లు పైకే లెక్కపెట్టేది. ఎవరైనా పిలిస్తే లెక్క తప్పుతుందని పలికేది కాదు.

మూడేళ్లు క్యాసెట్లు వచ్చాయి. వీళ్లూ క్యాసెట్లు పంపారు. 1986లో వచ్చిన క్యాసెట్టులో, కంపెనీ మారుతున్నాను, తబూక్ అనే ఊరికి పోతున్నాను, కొత్త చిరునామా చెప్తాను అన్నాడు జాఫర్. అమ్మను చక్కీ పాట ఒకటి పాడి పంపమన్నాడు. అత్తాకోడళ్లు ఆ రాత్రే జవాబు నింపి పెట్టుకున్నారు. చిరునామా రాలేదు. ఆ క్యాసెట్టు ట్రంకుపెట్టెలో బట్టల కింద ఉండిపోయింది.

లాడ్లీ బేగం మాత్రం కొడుకు చివరి క్యాసెట్టును ప్రతి మధ్యాహ్నం పెట్టించుకునేది. వినీ వినీ టేపు సాగింది. జాఫర్ గొంతు రోజురోజుకూ బరువుగా, నిద్రమత్తులో మాట్లాడుతున్నట్టు మారింది. "వానికి జలుబు చేసినట్టున్నది," అనేది ఆమె. హసీనా ఔననేది.

బాలస్వామి 1990లో పోయాడు. ఆయన భార్య సావిత్రమ్మ అంగడి తాళంచెవి తెచ్చి హసీనా చేతిలో పెట్టింది. మరుసటి ఏడు కువైటు యుద్ధం తరవాత చాలామంది గల్ఫు నుంచి తిరిగి వచ్చారు. వాళ్లలో ఒక కొత్తకోట మనిషి ఫ్యాను బాగుచేయించుకోవడానికి వచ్చి, తెర బయట నిలబడి, తటపటాయించి చెప్పాడు. జాఫర్ బాగానే ఉన్నాడట. జెడ్డాలో ఉన్నాడట. అక్కడే ఇంకొక ఆమెను చేసుకున్నాడట, ఇద్దరు పిల్లలట.

"మీరు కండ్లార చూసిండ్రా?" అని అడిగింది హసీనా.

"వాళ్లింట్ల అన్నం తిన్న అక్కా."

ఆమె ఫ్యాను బాగుచేసి ఇచ్చింది. ఇంటికి పోయి అత్తకు ఏమీ చెప్పలేదు. లాడ్లీ బేగం మరో ఏడాదిన్నర బతికింది. పోయేటప్పుడు కూడా జాఫర్‌కు ఖబర్ చేయమనే చెప్పింది. కొల్లాపూర్ నుంచి హసీనా అన్న బాబా మియా వచ్చి తనతో రమ్మన్నాడు. చేతినిండా పని ఉందని చెప్పి ఆమె పోలేదు. నిజమేమిటంటే, ఎందుకు పోలేదో ఆమెకూ సరిగ్గా తెలియదు. పొద్దున్నే అంగడి, సాయంత్రం ఇల్లు. పండుగనాడు పక్కింటి వాళ్లు సేమియా పంపేవారు, ఆమె ఖాళీ గిన్నెలో చక్కెర పోసి తిరిగి ఇచ్చేది. కొన్ని రోజులు అంగడి మూశాక మళ్లీ తెరిచేదాకా ఆమె ఎవరితోనూ ఒక్క మాటా మాట్లాడకుండానే గడిచిపోయేవి.

1996 డిసెంబరులో ఒక పొద్దున, ఎన్నడూ చూడని ఒక అమ్మాయి తెర దగ్గరికి వచ్చింది. పేరు మంజులత, మహబూబ్‌నగర్ ఆడపిల్ల, హైదరాబాదులో పెద్ద చదువు చదువుతోంది. జపాన్ నుంచి వచ్చిన సచికో అనే ఆమెకు తోడుగా ఊళ్లు తిరుగుతోంది. సచికో ముసలివాళ్ల విసుర్రాయి పాటలు సేకరిస్తుంది. పగలు చిన్న టేపులో నింపుకొని, పొద్దుగూకాక ల్యాప్‌టాప్‌లో రాసుకుంటుంది. ఇద్దరూ వెంకటయ్య రైసుమిల్లు మీది గదిలో దిగారు.

"అక్కా, ఒక ప్లగ్గు కావాలె. మేడం ప్లగ్గుకు చదును పిన్నులు. ఎయిర్‌పోర్టుల కొన్న అడాప్టరు ఉన్నది గని, మిల్లు సాకెట్ల నిలుస్తలేదు, ఊగుతున్నది. మిల్లుల పనిచేసే సాయిలు అగ్గిపుల్లలు దోపి నిలబెట్టిండు. పెట్టినప్పుడల్లా చిటపటమంటున్నది."

హసీనా చేతిలో పని అట్లాగే వదిలేసి లేచింది. మీటరు పెట్టె తీసుకొని, కొంగు సవరించుకొని, అంగడికి తాళం కూడా వేయకుండా మంజులత వెంట నడిచింది.

గదిలో మంచం మీద, మడిచిన బొంత పైన ఒళ్లోకి పట్టేంత కంప్యూటరు తెరిచి ఉంది. దాని తీగ మధ్యలో ఇటుకలాంటి నల్లటి పెట్టె బొంత మడతల్లో కూరుకుపోయి వేడెక్కుతోంది. ముప్పై అయిదేళ్ల సన్నటి మనిషి, సచికో, లేచి నిలబడింది. హసీనా ఆమె వైపు చూడలేదు. నేరుగా గోడ దగ్గరికి పోయి మెయిను కిందికి లాగింది.

"ఏందక్కా, మంచిగనే నడుస్తాంది గద!" అన్నాడు గుమ్మంలో నిలబడ్డ సాయిలు.

"కాలేదాక అన్నీ మంచిగనే నడుస్తయి," అన్నది హసీనా.

అగ్గిపుల్లలు పీకింది. ఒకటి కొస నల్లబడి ఉంది. తరవాత నల్ల ఇటుకను బోర్లించి కిటికీ వెలుగులో చూసింది. సన్నటి అక్షరాల మధ్య అంకెలు దొరికాయి. నూరు, ఒక గీత, రెండు వందల నలభై. మంజులత చదివి చెప్పేలోపే ఆమె తలూపింది.

"ఇది రెండు తీర్ల కరెంటు తింటది. మంచిగున్నది. ఇంకేమేం ఉన్నయి మేడం తాన?"

సచికో చిన్న టేపు, దాని చార్జరు తెచ్చింది. దాని మీద నూరు అని ఒక్కటే అంకె ఉంది. ఇంకా పెట్టలేదు కదా అని హసీనా సైగ చేసి అడిగింది. లేదు, బ్యాటరీలతో నడుపుతున్నానని, ఈరోజు అదే అడాప్టరులో పెట్టాలనుకున్నానని సచికో మంజులత చేత చెప్పించింది.

"పెడితే పొగనే," అన్నది హసీనా. ఆ చార్జరును కాసేపు చేతిలోనే పట్టుకొని ఉండిపోయింది.

తరవాత మీటరు పెట్టింది. కింద మిల్లు నడుస్తోంది. ముల్లు నూట డెబ్బై దగ్గర వణికింది. మిల్లు ఆపమని సాయిలును పంపింది. మోటరు ఆగిన మరుక్షణం ముల్లు ఎగిరి రెండు వందల అరవై అయిదు మీద పడింది. హసీనా ఇటుక మీది రెండు వందల నలభై అంకెను వేలితో చూపించి, మీటరు ముల్లును చూపించింది. ఆమె తెలుగు సచికోకు రాదు, సచికో మాట ఈమెకు రాదు. అయినా సచికో వెంటనే చేత్తో నోరు మూసుకుంది. మూడు నెలల పని ఆ కంప్యూటరులో ఉందని మంజులత చెప్పింది.

"ఇంకోటి అక్కా. కంప్యూటరు వెనక ఇనుప మరకు చెయ్యి తగిలితే చీమలు కుట్టినట్టు అయితదట."

హసీనా సచికో ప్లగ్గును మళ్లీ చూసింది. దాని పక్క నుంచి చిటికెన వేలంత ఆకుపచ్చ తీగ ఒకటి ఊరికే వేలాడుతోంది. అది భూమికి పోవాల్సిన తీగ. మిల్లు సాకెట్టు మూడో రంధ్రం వెనక ఏ తీగా లేదు, ఒట్టి గోడే ఉంది.

ఆ రోజంతా ఆమె అంగడి మొహం చూడలేదు. మిల్లు గోడ వెంట సాయిలుతో నడుములోతు గుంత తీయించి, ఇనుప పైపు దించి, చుట్టూ బొగ్గు, ఉప్పు నింపి నీళ్లు పోసింది. అక్కడి నుంచి రాగి తీగ పైకి లాగింది. ఒక చెక్కపలక మీద పింగాణీ ఫ్యూజు, పాత సౌదీ మిక్సీ కోసం చేసిన పెట్టె నుంచి ఊడదీసిన చదును సాకెట్టు బిగించింది. గోడ వైపుకు మన లావు మూడు పిన్నుల ప్లగ్గు. ఆకుపచ్చ తీగ బిగించడానికి ఒక మర పెట్టింది. పలకను గోడకు పెట్టకుండా, అంగడి నుంచి తెప్పించిన స్టెబిలైజరుకు తగిలించింది. కరెంటు మరీ ఎగిరితే అది తనంతట తానే ఆపేస్తుంది. టేపు చార్జరు కోసం నూటపది పెట్టెలో కొన్ని చుట్లు విప్పి సరిగ్గా నూరుకు దింపింది. దాని మూతికి ఎప్పటిలాగే ఎర్ర రంగు వేసింది, ఒకదాని జాగాలో ఒకటి పెట్టకుండా.

ముందు ఒక బల్బు పెట్టి చూసింది. తరవాత ల్యాప్‌టాప్ పెట్టించింది. సచికో భయంభయంగా ఇనుప మర ముట్టుకుంది. చీమలు కుట్టలేదు. ఆమె పెద్దగా నవ్వింది.

"మేడంకు చెప్పు," అన్నది హసీనా మంజులతతో. "మిల్లు లెవ్వక ముందు, తెల్లారగట్ల పెట్టుకోమను. బొంత మీద పెట్టొద్దు, నాపరాయి మీద పెట్టాలె, దానికి గాలి ఆడాలె. కరెంటు పోతే ముందుగాల పిన్ను పీకాలె. వచ్చినంక బల్బు జర నిలకడగ వెలిగేదాక ఆగి పెట్టాలె. ఏ దేశం పోయినా ముందు అంకె చూడాలె, పిన్ను సంగతి తర్వాత."

సచికో అదంతా తన పుస్తకంలో రాసుకుంది.

వాళ్లు ఇంకా పన్నెండు రోజులున్నారు. హసీనా రోజూ తెల్లవారుజాము నమాజు చేసుకొని మిల్లు మీదికి పోయేది, స్టెబిలైజరు చూడడానికని. మూడు రోజులకే అక్కడ చూడాల్సిందేమీ లేదు. అయినా పోయేది. మంజులత నిద్రలో ఉండేది. సచికో పాలు లేని చాయ చేసి ఇచ్చేది. అది చేదుగా, గడ్డి వాసన వేసేది. హసీనా మొత్తం తాగేది. ఇద్దరూ నేల మీద కూర్చొని, నాపరాయి మీది నల్ల పెట్టెను చూస్తూ, మిల్లు లేచేదాకా మాట లేకుండా ఉండేవారు. పొద్దున లేవగానే ఒక మనిషి పక్కన కూర్చోవడం హసీనాకు నాలుగేళ్ల తరవాత అదే మొదలు.

ఒకరోజు సచికో అడగమంటే మంజులత అడిగింది: "అక్కా, మీ ఇంట్ల పాతోళ్లు ఎవరన్న చక్కీ పాటలు పాడేటోళ్లా?"

హసీనా మర్నాడు ట్రంకుపెట్టెలోని క్యాసెట్టు గుడ్డలో చుట్టి తెచ్చింది. పదేళ్లలో దాన్ని ఒక్కసారీ పెట్టలేదు. సచికో టేపును సుతిమెత్తగా వేలితో బిగించి, ముందుకు వెనక్కు తిప్పి, అప్పుడు పెట్టింది.

లాడ్లీ బేగం గొంతు గదిలోకి వచ్చింది. తిన్నావా బేటా, ఎండకు తలకు గుడ్డ కట్టుకో, అని దక్కనీలో మొదలుపెట్టి, దగ్గి, పాట అందుకుంది. విసుర్రాయి లేకుండానే, చేత్తో నేలను రాస్తూ ఆ తాళం తెచ్చింది. ముసలామె గొంతు ఎక్కడా తడబడలేదు. సచికో పెన్సిలు కింద పెట్టేసింది.

పాట అయిపోయింది. క్యాసెట్టు ఆగలేదు. ఇంకొక గొంతు వచ్చింది, సన్నది, కొంచెం సిగ్గుపడుతున్నది.

"మేం బాగనే ఉన్నం. ఫికర్ చేయొద్దు. బాలస్వామి కాక తాన పని నేర్చుకుంటున్న. ఈసారి టేపు పాడైతే నేనే బాగుచేస్త, ఎవరి తానకు పోవుడు లేదు. అమ్మీకి మీ మీదనే పాణం. నాకు గూడ. ఎప్పుడొస్తరు?"

ఆ తరవాత మాట లేదు. టేపు మాత్రం తిరుగుతూనే ఉంది. ఎక్కడో కోడి కూసింది, గిన్నె చప్పుడైంది. ఎప్పుడొస్తరు అని అడిగిన పిల్ల, జవాబు వస్తుందేమో అన్నట్టు, చాలాసేపు మీట నొక్కకుండా ఆగింది. చివరికి టక్కుమని ఆగిపోయింది.

"ఇది ఎవరి గొంతు అక్కా?" అని అడిగింది మంజులత.

హసీనాకు కూడా ఒక క్షణం తెలియలేదు. తాను మాట్లాడినట్టే గుర్తు లేదు.

"నాదే," అన్నది.

సచికో లేచి కిటికీ దగ్గరికి పోయి, ఇటు వీపు పెట్టి నిలబడింది. హసీనా కొంగు మొహం మీదికి లాక్కొని ఏడ్చింది. కొత్తకోట మనిషి వచ్చిపోయిన నాడు రాని ఏడుపు, అత్త పోయిన నాడు పదిమంది ముందు ఏడ్వలేకపోయిన ఏడుపు. కింద మిల్లు లేచింది. దాని చప్పుడులో ఆమె ఏడుపు ఎవరికీ వినబడలేదు.

తేరుకున్నాక, "పాట తీస్కపొమ్మను," అన్నది. "అమ్మీ పాట ఊకె పెట్టెల పడి ఉండుడెందుకు? నా మాటలు మాత్రం ఎక్కించుకోవద్దని చెప్పు."

సచికో అట్లాగే చేసింది. పాట దాకా ఎక్కించుకొని, అసలు క్యాసెట్టు హసీనా చేతికే ఇచ్చింది.

వాళ్లు పోయే రోజు చెక్కపలకను, ఎర్రమూతి పెట్టెను హసీనా గోనెసంచిలో కట్టి బస్సులో సీటు కింద పెట్టించింది. సచికో నడుము వంచి దండం పెట్టింది. హసీనా సలాం చేసింది. బస్సు కదిలాక అంగడికి వచ్చి చూస్తే, తెర బయట రైతు భీమయ్య తలపాగా విప్పి విసురుకుంటూ కూర్చొని ఉన్నాడు.

"ఎటు పోయినవక్కా? నా మోటరు ఎప్పుడిస్తవు? చేను ఎండిపోతాంది."

"పొద్దుగూకేసరికి రా," అన్నది హసీనా.

ఆ తరవాత రెండు మూడేళ్లలో నూటపది సామాను రావడం తగ్గిపోయింది. వచ్చినవన్నీ ఏ కరెంటుకైనా నడిచేవే. ఎర్ర పెట్టెలు అడిగేవాళ్లు లేక బల్ల కింద దుమ్ముపట్టాయి. ఆమెకు మోటర్ల పనే మిగిలింది. మంజులత మాత్రం మర్చిపోలేదు. మహబూబ్‌నగర్‌లో ఆడవాళ్లకు పని నేర్పే ఒక చిన్న కేంద్రం తెరిచినప్పుడు వాళ్లకు హసీనా సంగతి చెప్పింది. హసీనా ఒప్పుకోవడానికి నెల పట్టింది. ఆ తరవాత ప్రతి గురువారం మొదటి బస్సుకు పోయి, పదకొండు మంది పిల్లలకు కాయిల్ చుట్టడం నేర్పి, సాయంత్రం బస్సుకు తిరిగి వచ్చేది. కిటికీ పక్కన కూర్చొని వస్తూ, వాళ్లలో ఎవరి చెయ్యి ఎట్లా ఉందో ఆలోచించుకునేది. ఏడాది నడిచాక ఆ కేంద్రం మూతబడింది.

అది మూతబడక ముందు ఒక గురువారం, హలీమా అనే పిల్ల తీగ గీకుతూ అడిగింది.

"అక్కా, మీ ఆయన ఏం చేస్తడు?"

"సౌదీల ఉన్నడు," అన్నది హసీనా. "తీగను గట్ల గీకకు, తెగుతది. బ్లేడు అడ్డంగ పట్టు. జర మెల్లగ."